లీదమ్మ పచ్చ గోలీలు

చివరి నెల రోజులు మా అత్తకు మందు నేనే వేశాను. గోలీ నాలుక మీద పెట్టి నీళ్లు తాగిస్తే, మింగి, నేను అడగకముందే నోరు తెరిచేది. నాలుక పైకి లేపేది. ఈ చెంప, ఆ చెంప వేలితో లాగి చూపించేది. అప్పటికి ఆమెకు నేనెవరో సరిగ్గా తెలియడం లేదు. సొంత కొడుకు పేరు కూడా మరిచిపోయింది. నాలుక లేపడం మాత్రం మరిచిపోలేదు. ఆమె పోయి రెండు నెలలైంది. ఇబ్రహీంపట్నంలో దవాఖాన లీదమ్మ అంటే ఇప్పుడు బాగా ముసలివాళ్లకే గుర్తు. వాళ్లూ పోతే ఆ నాలుక సంగతి చెప్పేవాళ్లుండరు. అందుకే రాస్తున్నాను.

ఆమె పేరు లీదియా. మా మామ బతికున్నప్పుడే మిషను దవాఖానలో ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూనే కట్లు కట్టడం నేర్చుకుంది, తర్వాత మందులివ్వడం నేర్చుకుంది. సీసాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదివేది గానీ రాయడం రాదు. అంగడికి పోయే బాటలో రెండు గదుల పెంకుటిల్లు ఆ దవాఖాన. డాక్టరమ్మ దొరసాని వారానికి రెండు రోజులు పట్నం నుంచి వచ్చేది. మిగతా రోజులన్నీ మా అత్తవే.

చలిజ్వరం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. వానలు పడి పెద్ద చెరువు నిండి, కాలువల పక్క గుంటల్లో నీళ్లు నిలిచాయంటే అది మొదలయ్యేది. మిట్టమధ్యాహ్నం ఎండలో మూడు గొంగళ్లు కప్పినా మనిషి పళ్లు టకటకా కొట్టుకునేవి. తర్వాత ఒళ్లు పెనంలా కాలేది. తర్వాత చెమటతో తడిసి లేచి, ఏమీ కానట్టు నాగలి పట్టుకుని పోయేవాడు. రోజు విడిచి రోజు అదే. జ్వరం పోయిందని అనుకునే రోజే దానిలోని మోసం.

ఆ మోసానికి మా ఇల్లే బలైంది. నా పెళ్లయిన ఏడాదికి నా భర్త మత్తయికి జ్వరం వచ్చింది. పెద్ద యుద్ధం వచ్చినప్పటి నుంచి ఈ జ్వరానికి వేసే కొయినా మందు దొరకడం మానేసింది. దాని బదులు పసుపుపచ్చ గోలీలు వచ్చాయి. ఊళ్లో వాటిని పచ్చ గోలీలు అనేవాళ్లు. అత్త ఏడు రోజులకు సరిపడా గోలీలు పొట్లం కట్టి నా చేతికిచ్చింది. మూడో రోజుకే జ్వరం దిగింది. నాలుగో రోజు ఆయన పనికి పోయాడు. మిగిలిన గోలీలు నేను కందిపప్పు కుండలో దాచాను. మా అమ్మ విత్తనాలు దాచినట్టు దాచాను, ఇంకోసారి జ్వరం వస్తే అక్కరకొస్తాయని.

ఇంకోసారి వచ్చింది. ఈసారి తలకెక్కింది. రెండు రోజులు మాట లేకుండా పడుకుని మూడో రోజు పొద్దున పోయాడు.

పప్పు కుండలో పొట్లం అత్తకే దొరికింది. కుండ కడిగి బోర్లించింది. ఆ వారం నుంచే దవాఖానలో కొత్త రివాజు పెట్టింది. గోలీ ఎవరింటికీ పోదు. ఎంతటివాళ్లయినా ఏడు రోజులూ వచ్చి, ఆమె ఎదురుగా నిలబడి మింగాలి. మింగి నోరు తెరవాలి. నాలుక లేపాలి. చెంపలు చూపించాలి.

రజాకార్ల కాలంలో వాళ్ల మనిషి ఒకడు భుజాన తుపాకీతో వణుక్కుంటూ వచ్చి డబ్బా మొత్తం ఇమ్మన్నాడు. అంతకు వారం ముందే వాళ్లు పక్క ఊళ్లో గడ్డివాములు కాల్చారు. ఆ వార్తకే దొరసాని పట్నం వెళ్లిపోయింది. పోతూ పోతూ మూడు డబ్బాల పచ్చ గోలీలు, తాళంచెవి అత్త చేతిలో పెట్టిపోయింది. తుపాకీ మనిషిని చూసి బల్ల మీదివాళ్లంతా లేచి గోడకు అతుక్కున్నారు. అత్త లేవలేదు.

"తుపాకి గోడకు పెట్టి వరుసల కూసో. ముందు నారయ్య వచ్చిండు, గాయన తర్వాత నువ్వు," అంది.

"నేనెవరో ఎరికేనా?" అన్నాడు వాడు.

"చలిజరం మనిషివి. నాల్క లేపు."

వాడు ఏడు రోజులూ వచ్చాడు. నాలుగో రోజుకు తుపాకీ తేవడం మానేశాడు.

మందు ఒక్కటే కాదు ఆమె పని. వానాకాలమంతా పొద్దున్నే గాసునూనె డబ్బా, కర్రకు కట్టిన గోనెపట్ట ముక్క పట్టుకుని బయలుదేరేది. గోనె ముక్కను నూనెలో ముంచి గుంట నీళ్ల మీద ఈడ్చేది. నీళ్లలో తోక కొట్టుకుంటూ తిరిగే దోమ పురుగులు ఊపిరాడక చచ్చేవి. డబ్బా మోసేది నేను. తాగే నీళ్లలో నూనె పొయ్యలేం కదా. బావులకు, ఇళ్లల్లో నీళ్ల గోలేలకు బెస్తవాడ సిద్దమ్మ కావాలి. చెరువులోంచి చిన్న చిన్న పరక చేప పిల్లలను కుండలో పట్టి తెచ్చి బావుల్లో వదిలేది. అవి ఆ పురుగులను తినేవి.

సిద్దమ్మ మా అత్త ఈడుదే. మొగుడు చెరువులో పోయాడు. ఒక్క కొడుకు కొండల్. ఆమె నోటికి అంగడిలో బేరగాళ్లు కూడా జడిసేవాళ్లు. కుండ దించుతూనే మొదలుపెట్టేది.

"ఓ లీదమ్మా, నా పరకలు దినాం మేస్తయ్, నిన్ను నాల్క లేపుమని అడగవు. నీ రివాజు వాటికి సుత పెట్టరాదు?"

"అవి దాచుకునే రకం కాదు సిద్దమ్మా. నీ అసొంటోళ్లకే గా రివాజు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. కానీ ఆ నవ్వుకు ఒక హద్దుండేది. మేం మాలవాడలోంచి కిరస్తానంలోకి వచ్చినవాళ్లం. సిద్దమ్మ మా గడపలో కూర్చునేది, మా ఆకు వక్క నమిలేది, మా కుండ నీళ్లు మాత్రం ముట్టేది కాదు. ఆమే కాదు, ఊళ్లో ఎవరూ ముట్టేవాళ్లు కాదు. దవాఖానకు వచ్చేటప్పుడు ఎవరి చెంబులో నీళ్లు వాళ్లు తెచ్చుకునేవాళ్లు. అత్త గోలీ నాలుక మీద పెడితే, పక్కకు తిరిగి సొంత చెంబు ఎత్తి తాగేవాళ్లు. నేను పొద్దున్నే నింపిన కుండ మా వాడవాళ్లకు తప్ప సాయంత్రం దాకా నిండుగానే ఉండేది.

నలభై ఎనిమిది సెప్టెంబరులో లారీలు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. నిజాం లొంగిపోయాడన్నారు. రజాకార్లు టోపీలు పారేసి పారిపోయారు. జనం డప్పులు కొట్టారు. సిద్దమ్మ కొడుకు కొండల్ అప్పటికి ఆరు నెలలుగా రాచకొండ గుట్టల్లో సంఘం దళంతో ఉన్నాడు. ఇక ఇంటికొస్తాడని ఆమె ఇల్లు అలికి పెట్టుకుంది. కొండల్ రాలేదు. లారీల్లో వచ్చిన పోలీసులు బడిలో క్యాంపు పెట్టి, గుట్టల్లో ఉన్నవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టారు.

క్యాంపు జమేదారు సర్కారు జిల్లాల మనిషి. పొడుగ్గా, చదునైన మీసంతో ఉండేవాడు. ఒకరోజు దవాఖానకు వచ్చి, డబ్బా మూత తీసి ఒక గోలీని వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు.

"ఇవి నాకు తెలుసు. బర్మా యుద్ధంలో రెండేళ్లు మింగాను. అరచేతులు, కళ్లు పసుపు రాసినట్టయిపోతాయి. నెల దాటినా పోదు. తెలుసా?"

"ఎరికే సాబ్."

"అయితే విను. కొండల మీద వాళ్లకి జ్వరాలు ముదిరాయి. నేను పట్టుకోనక్కర్లేదు, ఆ జ్వరమే వాళ్లని కిందికి తెచ్చి పడేస్తుంది. ఇక్కణ్ణుంచి ఒక్క గోలీ బయటికి పోకూడదు. మా జవాను ఇక్కడే కూర్చుంటాడు. అతని కళ్ల ముందే ఇవ్వు. జ్వరం లేనివాడి అరచెయ్యి పచ్చగా కనబడిందా, వాడు కొండ మనిషే అనుకుంటాను. నీ తాళంచెవి లాక్కుంటాను."

"గోలీ బయటికి పోవద్దన్నది నా రివాజే సాబ్. నువ్వు ఇయ్యాల చెప్తున్నవ్. నేను రెండేండ్ల సంది చెప్తున్న."

"ఎవరెవరికి ఇచ్చావో పేర్లు రాసి పెట్టు."

"నాకు రాసుడు రాదు. పేర్లు యాదికుండయ్. నాల్కలు యాదికుంటయ్."

జమేదారు గోలీని డబ్బాలో పడేసి వెళ్లిపోయాడు. జవాను మిగిలాడు. మలబారు పిల్లవాడు, తెలుగు ముక్క రాదు. గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని పొద్దంతా దోమలు తోలుకునేవాడు.

ఆ నెలలోనే సిద్దమ్మకు జ్వరం పట్టుకుంది. రోజూ చెంబుతో వచ్చేది, గోలీ నాలుక మీద వేయించుకునేది, పక్కకు తిరిగి తాగేది, నాలుక లేపి చూపించి పోయేది. ఏడు రోజులు గడిచాయి. జ్వరం దిగలేదు. ఇంకో నాలుగు రోజులు ఇచ్చింది అత్త. ఇంకా దిగలేదు. బుగ్గలు లోపలికి పోయాయి. గోడ పట్టుకుంటే గానీ నడవలేకపోయేది.

"గోలీలు బలహీనమైనయా ఏంది," అని అత్త డబ్బా వాసన చూసింది, వెలుతురులో తిప్పి చూసింది. అదే డబ్బాలోంచి మింగిన వాళ్లందరికీ జ్వరం దిగింది. సిద్దమ్మకే దిగలేదు.

పన్నెండో రోజు సిద్దమ్మ తాగి చెంబు దించబోతుంటే అత్త ఆ చెంబు పట్టుకుంది.

"ఇడువు. నా చెంబు నువ్వు ముట్టుతవా?" అని గుంజింది సిద్దమ్మ.

అత్త వదల్లేదు. నీళ్లు నేల మీద పారబోసింది. ఇత్తడి చెంబు అడుగున పసుపు మరక, దానికి అతుక్కుని సగం కరిగిన గోలీ.

"ఏంది గిది?"

"పసుపు. పసుపు చేతులతోటి తోమిన."

అత్త బొడ్లో సంచీ తీసి, ఆకులకు రాసే సున్నం వేలితో తీసి ఆ మరక మీద రుద్దింది. పసుపైతే సున్నం తగలగానే ఎర్రబడాలి. ఆ సంగతి ఆడవాళ్లకు ఎవరు చెప్పాలి? మరక పచ్చగానే ఉంది.

సిద్దమ్మ నేల మీద కూలబడింది. జవాను మెడ చాచి చూశాడు. వాడికి ఇద్దరు ముసలమ్మలు చెంబు కోసం కొట్లాడుకుంటున్నారనే అనిపించి ఉంటుంది. అత్త ఆమెను వెనక గదిలోకి లాక్కుపోయింది. నేనూ వెళ్లాను.

"కొండల్ వణుకుతుండు," అంది సిద్దమ్మ. ఏడవలేదు. "గుట్ట కింద ఊర్లకు చేపలు అమ్మను పోయినప్పుడు వాని మనిషి కలిసిండు. పోరడు లేస్తలేడంట. నువ్వు గోలీ చేతికియ్యవైతివి. అందుకే చెంబుల ఉమ్మి, ఎండపెట్టి, చేపల గంపల అడుగున పెట్టి తోలిన."

"నువ్వు ఒక్కటి సుత మింగలేదా?"

"ఒక దినం నేను, ఒక దినం వాడు. తల్లికింత పిల్లకింత."

అత్త ముఖం నల్లబడింది. అంత కోపం నేను ఆ రోజే చూశాను.

"అంబలి అనుకున్నవా సిద్దమ్మా పంచుకునెటందుకు? ఏడు దినాల మందు ఒక్క పాణానికే సరిపోదంటే, నువ్వు రెండు పాణాలకు వేసినవ్. నీ జరం సావలే, వాని జరం సావలే. రెండూ మందుకు అలవాటు పడి కూసున్నయ్. ఇద్దరూ సస్తరు. ఎందుకు చెప్పలే నాకు?"

"చెప్తే ఇస్తువా? నీ రివాజు ఎరికే గద అందరికి."

అత్త నా వైపు తిరిగి, "కుండల నీళ్లు ముంచుకరా బిడ్డా," అంది.

తెచ్చాను. మా కుండ నీళ్లు. అత్త కొత్త గోలీలు సిద్దమ్మ నాలుక మీద పెట్టింది.

"ఇయ్యాల్టి సంది నీ చెంబు ఇంట్ల. నా నీళ్లతోటి మింగితెనే మందు. నీ కులం కావాల్నో పాణం కావాల్నో నువ్వే చూసుకో."

సిద్దమ్మ నన్ను చూసింది, ముంతను చూసింది. అప్పటికే గోలీ చేదు నోరంతా పాకింది. ముంత లాక్కుని గటగటా తాగింది. తాగి, "ఉప్పు నీళ్లు. ఏ బాయి సచ్చినదే మీది?" అని తిట్టి, నాలుక లేపింది.

"ఇగ కొండల్. గోలీ వాని కాడికి పోదు, వాడే నా కాడికి రావాలె," అంది అత్త.

"పట్టుకుంటరు!"

"నేను పొద్దుగాల నూనె పొయ్యను చెరువు ఆవలి ఒడ్డుకు పోనా? గా తుంగల కాడికి రమ్మను. పట్టపగలు. నూనె డబ్బ ఎత్తుకపోయే లీదమ్మను ఎవడు చూస్తడు?"

"మరి చేతులు పచ్చగైతే?"

"ఒక్కని చేతులు పచ్చగైతే దొరుకుతడు. అందరియి అయితే?"

ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. బెస్తవాడ, మా వాడ, చెరువు కింద ఉన్న ఇళ్లన్నీ దవాఖానకు రావాలని కబురు చేసింది. జ్వరం ఉన్నా లేకున్నా, చంటిపిల్లలు తప్ప, రోజుకొక్క గోలీ. వానల కాలం పోయేదాకా మనిషికొకటి మింగిస్తే జ్వరం రాకుండానే ఆపవచ్చని దొరసాని ఎప్పుడో చెప్పిందట. అప్పుడు ఎవరూ ఒప్పుకోలేదు. బాగున్న మనిషి చేదు ఎందుకు మింగుతాడు? ఇప్పుడు మాత్రం వచ్చారు. కొందరు జ్వరం భయంతో వచ్చారు. కొందరు సిద్దమ్మ నోటికి జడిసి వచ్చారు. కొండల్ సంగతి తెలిసినవాళ్లు నోరు మూసుకుని వచ్చారు. చెంబులు తెచ్చినవాళ్లను అత్త వెనక్కి పంపింది. చెంబులో ఏం దాగుతుందో తెలిశాక ఇక చెంబు లేదు, మా కుండే. ఆ మాటకు పెద్ద ఇళ్లవాళ్లు రావడం మానేశారు. ఆ ఏడు జ్వరాలు ఎక్కువ ఆ ఇళ్లల్లోనే వచ్చాయి. నేను రోజుకు నాలుగు బిందెలు మోశాను.

జవానుకు తన కళ్ల ముందు మింగించమని హుకుం. అందరూ అతని కళ్ల ముందే మింగారు. ఐదో రోజు అతనే పీట మీద వణకడం మొదలుపెట్టాడు. అత్త లేచి వెళ్లి అతని గడ్డం పట్టుకుని నోట్లో గోలీలు వేసి, నాలుక లేపమని తన నాలుక లేపి చూపించింది. తర్వాత క్యాంపులోంచి ఇంకో నలుగురు వచ్చారు. బడి వెనక గుంటలో వాళ్లు స్నానం చేసిన నీళ్లు నిలిచేవి. దానికీ ఆమే వెళ్లి నూనె ఈడ్చింది.

చెరువు ఆవలి ఒడ్డున తుంగ మనిషెత్తు ఉండేది. మొదటి రోజు కొండల్ అందులో పడుకునే ఉన్నాడు. ఇరవై ఏళ్లవాడు, చెయ్యి పట్టుకుంటే ఎముకలే. గోలీలు మింగి, నాలుక లేపి, "పెద్దమ్మా, ఇంకొన్ని ఇయ్యి. పైన మావోళ్లు ఇంక నలుగురు పడ్డరు. పంచుకుంటం," అన్నాడు.

"తల్లి బుద్ధే వచ్చింది నీకు. పంచుకునుడు లేదు. వాళ్లను సుత తోలు. ఒక్కొక్కడు వచ్చి నా ముంగట నాల్క లేపాలె. పోలీసోడైనా అంతే, నీ దళపోడైనా అంతే."

వాళ్లూ వచ్చారు, తలా ఒక రోజు తప్పించి ఒక రోజు కాదు, ఏడు రోజులూ వచ్చారు. గట్టు మీద మనుషులు నడిచేవాళ్లు, ఎడ్లబండ్లు పోయేవి. నేను నూనె డబ్బా పట్టుకుని నిలబడేదాన్ని. అత్త మాత్రం నీళ్ల మీద గోనె ముక్క ఈడుస్తూ, గుంటకూ గుంటకూ మధ్య ఒక నోరు చూసి వచ్చేది.

ఏడు రోజులకు కొండల్ జ్వరం దిగింది. సిద్దమ్మకూ దిగింది. కానీ రెండుసార్లు సగం మందు తిన్న జ్వరం కాబట్టి మళ్లీ లేవకుండా ఇంకో మూడు వారాలు, వారపు అంగడికొక్కసారి గోలీలు వేయాలంది అత్త. మొదటి రెండు అంగళ్లు తుంగలోనే జరిగాయి. మూడో అంగడి ముందు రోజు పోలీసులు చెరువు కట్ట మీద కాపలా పెట్టారు. తుంగకు నిప్పు పెట్టారు.

సిద్దమ్మ పరుగున వచ్చింది. "ఇగ చాలు లీదమ్మా. పోరడు మంచిగున్నడు. ఉరుకుతుండు, అన్నం తింటుండు. ఒక్కసారి మందు తప్పితే ఏమైతది?"

అత్త బియ్యం చెరుగుతోంది. చాట ఆపలేదు.

"మా మత్తయి సుత ఉరికిండు. అన్నం తిన్నడు. పనికి పోయిండు. ఏడి మరి?"

ఆ మాట నా ముందు ఆమె అనడం అదే మొదలు, అదే ఆఖరు. నేను తల వంచుకున్నాను. ఆమె చాట దించి నా వీపు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచి, సిద్దమ్మతో అంది. "రేపు అంగడి. చేపల గంప నెత్తికెత్తి దవాఖానకే తోలు. పోలీసోళ్లు వాని మొకం ఎన్నడు చూడలే. వరుసల నిలవడమను, అందరి తీరు."

మరునాడు అంగడి రోజు. వరుస దవాఖాన గడప దాటి బాట మీదికి పోయింది. పొద్దు బారెడు ఎక్కాక జమేదారు ఇద్దరు పోలీసులతో వచ్చాడు. ఒకడి చేతిలో సున్నం డబ్బీ ఉంది. గోలీ రంగు కనబడకుండా చేతులకు పసుపు పూస్తున్నారని ఎవరో చెప్పి ఉంటారు. వరుసలో ఉన్న ఆడవాళ్లు కొందరు భయపడి పొద్దున్నే చేతులకు పసుపు పూసుకొచ్చారు.

"చేతులు చాపండి," అన్నాడు జమేదారు.

అత్త బల్ల దగ్గరి నుంచి లేచింది. "సున్నం ఎందుకు పాడు చేస్తవ్ సాబ్? పసుపు కాదు, గోలీయే." ఆడవాళ్ల వైపు తిరిగి, "కడుక్కోండ్రే చేతులు. దాచుకునుడు ఎందుకు? దొంగతనం చేసిండ్రా?" అంది.

ఒకరి తర్వాత ఒకరు చేతులు చాపారు. పచ్చటి అరచేతులు. ముసలివాళ్లవి, పిల్లలవి, చేపలు కోసేవాళ్లవి, చెప్పులు కుట్టేవాళ్లవి. జమేదారు వరుస చివరి దాకా పోయి వెనక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ తన జవాను చేతులు పట్టుకుని తిప్పాడు. అవీ పచ్చగానే ఉన్నాయి.

"జ్వరం ఉన్నవాళ్లకే ఇవ్వమన్నాను కదా! వీళ్లందరికీ జ్వరాలా?"

"లేవు. రావద్దనే ఇచ్చిన."

"ఎవరినడిగి ఇచ్చావు?"

"సాబ్, నువ్వు రెండేండ్లు మింగిన్నంటివి. బర్మాల మీకు జరం వచ్చినంక ఇచ్చిన్రా, రాకముందుగాల్నే ఇచ్చిన్రా?"

పటాలంలో రోజూ పొద్దున వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరి నోట్లో వేసేవాళ్లని ఆ కాలం సిపాయిలందరికీ తెలుసు.

"మీ పాణాలు పాణాలు, మావి కాదా?" అంది అత్త.

"తాళంచెవి ఇలా తే."

ఆమె బొడ్లోంచి తీసి బల్ల మీద టక్కున పెట్టింది.

"తీస్కో. రేపు పొద్దుగాల గీ వరుస నీ బడి ముంగటికి వస్తది. నీ పోలీసోళ్లు అయిదుగురు సుత గిండ్లనే ఉన్నరు. నువ్వే ఒక్కొక్కని నాల్క చూడు. చెంపలు సుత చూడు, ఆడనే దాస్తరు. నాకు జర ఆరాం దొరుకుతది."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. జమేదారు తాళంచెవి తీయలేదు.

అప్పుడే గంప దించుకుని కొండల్ బల్ల ముందుకు వచ్చాడు. అత్త గోలీలు తీసి అతని నాలుక మీద పెట్టింది. నేను మా కుండ నీళ్లు అందించాను. కొండల్ తాగుతుండగానే జమేదారు అతని మణికట్టు పట్టుకుని అరచెయ్యి వెల్లకిలా తిప్పాడు. పచ్చగా ఉంది. అందరిలాగే.

"నీ పేరేంటిరా?"

"నోట్ల మందున్నది సాబ్, మింగనియ్యి," అంది అత్త. "నాల్క లేపు బిడ్డా."

కొండల్ నోరు తెరిచాడు. నాలుక లేపాడు. ఆమె ఎప్పటికన్నా ఎక్కువసేపు చూసింది. ఈ చెంప చూసింది, ఆ చెంప చూసింది. జమేదారు కూడా వంగి చూడక తప్పలేదు. లోపల ఏమీ లేదు. మందు మొత్తం కడుపులోకి పోయింది.

వెనకనుంచి సిద్దమ్మ గంపతో అతని నడుము మీద ఒక్క పోటు పొడిచింది.

"ఎంతసేపు నిలవడతవ్ రా బాడ్కావ్? నీ ఒక్కనికేనా దవాఖాన? నా చేపలు ఎండుతున్నయ్, జరుగు!"

జనం గొల్లున నవ్వారు. జమేదారు చెయ్యి వదిలాడో, ఆ పోటుకు అదే జారిందో నాకు తెలియదు. కొండల్ గంప నెత్తికెత్తుకుని అంగడి జనంలో కలిసిపోయాడు. సిద్దమ్మ అతని వైపు కన్నెత్తి చూడలేదు. బల్ల ముందు నిలబడి నోరు తెరిచింది.

జమేదారు వెళ్లిపోయాక కూడా తాళంచెవి అక్కడే ఉంది. అత్త దాన్ని తీసి బొడ్లో దోపుకుని, "ఎవరు తర్వాత?" అంది.

కొండల్ ఇంటికొచ్చింది యాభై ఒకటిలో, కేసులు ఎత్తేశాక. మళ్లీ చలిజ్వరం అతన్ని ముట్టలేదు. మా అత్తను మట్టికి మోసేటప్పుడు అతనే ముందు భుజం పట్టాడు.

ఆ అంగడి రోజు మిట్టమధ్యాహ్నానికే మా కుండ అడుగంటింది. వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు. సిద్దమ్మ నాలుక లేపి చూపించి, పక్కకు జరిగి, కుండలోకి తొంగి చూసింది.

"ఏందే పిల్లా, నీళ్లు అయిపోతే చెప్పవా? తే బిందె," అని నా చేతిలోంచి బిందె లాక్కుని, మా బావి వైపు నడిచింది.